బోరు నీళ్ళు కలిసిన ఆమ్లం

ఆమ్లం అంటే ఇచ్చేది, క్షారం అంటే పుచ్చుకునేది. ఇచ్చిపుచ్చుకునే వస్తువు ఒక్కటే, ప్రోటాన్. ఈ రెండు ముక్కలూ ఇంటర్ పిల్లలకి చెప్పుకుంటూ నేను అప్పటికి పదేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. "మరి నీళ్ళు ఆమ్లమా, క్షారమా మేడం?" అని ఎవరైనా అడిగితే, "నీళ్ళు మన కాలేజీ ఓనరు గారి లాంటివి. ఇన్‌స్పెక్షనుకి వచ్చినవాళ్ళు కనిపిస్తే ఇస్తాయి, మీ నాన్నలు కనిపిస్తే పుచ్చుకుంటాయి" అనేదాన్ని. క్లాసు పగలబడి నవ్వేది. ఆ ప్రశ్న పరీక్షలో ఎవరూ తప్పు రాసేవారు కాదు.

తొంభైల చివరి సంవత్సరాలవి. గచ్చిబౌలి అంటే అప్పటికి బండలు, దుమ్ము, ఆ మధ్యలో యూనివర్సిటీ. మెహదీపట్నంలో బస్సెక్కితే దిగేసరికి నా చీర రంగు మారిపోయేది. మాదాపూర్ వైపు హైటెక్ సిటీ గుండ్రటి భవనం లేస్తోంది. దాంతో జనానికి పూనకం పట్టింది. కాలేజీలో చేర్పించడానికి వచ్చిన ప్రతి తండ్రీ మొదట అడిగే మాట, "కంప్యూటర్లున్నాయా?" లెక్చరర్లున్నారా అని ఒక్క మహానుభావుడూ అడగలేదు.

మా ఓనరు సీమ మనిషి. పొద్దున ప్లాట్లు, మధ్యాహ్నం కాలేజీ. మనసు వెన్న, చెవులు మాత్రం తనకి కావలసినంత వరకే పనిచేసేవి. ఆ ఏడు మూడో అంతస్తులో ఇరవై కంప్యూటర్లు పెట్టించి, ఆ గదికి ఏసీ, తలుపుకి అద్దం, గుమ్మం బయట చెప్పులు విడవమని బోర్డు అన్నీ అమర్చారు. కింద అంతస్తులో నా కెమిస్ట్రీ ల్యాబుకి ఫ్యాను కూడా సరిగ్గా తిరగదు. నేను వెళ్ళి దెబ్బలాడితే, "ఏం మేడం, ఈ కాలంలో ఇంగ కెమిస్ట్రీ ఎవురు సదువుతారు?" అని టీ తెప్పించేవారు. టీ తాగి వచ్చేసేదాన్ని. చేతకాని కోపమంటే అదే.

కెమిస్ట్రీ కావాలనే మనిషి ఒకరు లేకపోలేదు. ఆ పిల్ల మా కాలేజీలోనే చదివి, క్రితం ఏడు థియరీ అంతా పాసై, ప్రాక్టికల్‌లో తప్పి, మళ్ళీ రాయడానికి ఆ ఏడంతా మా ల్యాబుకి వచ్చేది. వాళ్ళ నాన్న ఆ చుట్టుపక్కల కట్టే భవనాలకి బండ కొట్టే మనిషి. దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాలని దాని పట్టుదల. దానికి ఈ ప్రాక్టికల్ గట్టెక్కాలి. వాళ్ళ నాన్న ఒకరోజు నా దగ్గరకి వచ్చి, తలపాగా చేతిలో పట్టుకుని, "ఇయ్యేడు గిట్ల తప్పితే ఇగ బంద్ మేడం. ఎస్టీడీ బూతుల కూసుండబెడ్త" అని చెప్పి వెళ్ళాడు. బెదిరింపు కాదు, సమాచారం.

క్రితం ఏడు ఎందుకు తప్పిందో నేను అడగలేదు. అడగడమెందుకు, చూస్తుంటే తెలియడం లేదూ? నత్త. బ్యూరెట్ అంటే కింద కుళాయి ఉన్న పొడవాటి గాజు గొట్టం. అందులో ఆమ్లం పోసి, కింద ఫ్లాస్కులో ఉన్న సోడియం కార్బొనేట్ ద్రావణంలోకి వదలాలి. ఫ్లాస్కులో మిథైల్ ఆరెంజ్ చుక్క వేస్తాం కాబట్టి పసుపుగా ఉంటుంది. క్షారం పుచ్చుకోవలసిన ప్రోటాన్లన్నీ పుచ్చుకున్నాక, ఇంకొక్క చుక్కకి రంగు నారింజలోకి తిరుగుతుంది. అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో రాయాలి. అంతే పని. మిగతా పిల్లలు మొదటి పదిహేనూ ధారగా వదిలేసేవారు. ఈ పిల్ల మొదటి నుంచీ చుక్కచుక్కే. ఫ్లాస్కు కింద తెల్లకాగితం పెట్టి, వంగి, కళ్ళు చికిలించి, చుక్కకో ఆలోచన. "టైట్రేషన్ చేస్తున్నావా తల్లీ, పిల్లాడికి ఉగ్గు పడుతున్నావా?" అనేదాన్ని. ల్యాబంతా కిసుక్కుమనేది. ఆ పిల్లా నవ్వేది. నవ్వుతూనే మళ్ళీ ఒక చుక్క.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి చెప్పాలి. చెప్పకపోతే జరిగింది అర్థం కాదు. ప్రైవేటు కాలేజీల్లో ప్రాక్టికల్ పరీక్ష రోజున ఎగ్జామినరు బయటి నుంచి వస్తారు. ద్రావణాలు మాత్రం మేమే కలుపుతాం, రావలసిన అంకె మేమే చీటీ మీద రాసి ఆయన చేతిలో పెడతాం. ఆ అంకె పిల్లల చెవిలో కూడా పడేలా చూసుకోవడం మా ధర్మం. నా పద్ధతి స్టూళ్ళు. పరీక్ష మధ్యలో గట్టిగా, "ఏమయ్యా, స్టూళ్ళు ఎన్నున్నాయి?" అని అటెండర్ని అడిగేదాన్ని. నేను ముందే నేర్పి పెట్టిన లెక్క అతను చెప్పేవాడు, అదే జవాబు. ఇది తప్పని తెలియదా అంటే, తెలుసు. పిల్లలకి మార్కులు రాకపోతే మేడం చెప్పలేదంటారు, వస్తే పిల్లలు తెలివైనవాళ్ళంటారు. ఈ రెంటి మధ్యా నలిగే ప్రాణికి స్టూళ్ళే గతి.

ఆ ఏడు మరీ జాగ్రత్తపడ్డాను, ఆ పిల్ల కోసమే. లవణ విశ్లేషణలో దాని చేయి అంతంతమాత్రం, టైట్రేషన్ కూడా పోతే పాసు మార్కులు రావు. ముందురోజు పిలిచి మరీ చెప్పాను. "రేపు స్టూళ్ళ లెక్క విను. విని రాసి లే. చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు."

"సరే మేడం" అంది. దాని "సరే"ని నేను నమ్మాను.

కార్బొనేట్ ద్రావణం నేనే వారం ముందు కలిపి పెట్టుకున్నాను. ఆమ్లం మాత్రం ముందురోజు సాయంత్రం కొలిచి పెద్ద సీసాలో పోసి, గీత దాకా డిస్టిల్డ్ వాటర్ నింపమని అటెండరుకి అప్పజెప్పి వెళ్ళిపోయాను. తెల్లారి ఒక్కసారి టైట్రేషన్ చేసి చూసుకుంటే ఈ కథే లేదు. ఎవరు చేస్తారు? కాగితం మీద లెక్క వేస్తే ఇరవై మిల్లీలీటర్లు వచ్చింది. చీటీ మీద ఇరవై అని రాశాను.

ఎగ్జామినరు ప్రభుత్వ కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన, గోదావరి యాస, చొక్కా జేబులో రెండు కళ్ళజోళ్ళు. ఓనరు గదిలో ఇడ్లీ తిని వచ్చి, చీటీ పుచ్చుకుని, ల్యాబు మూల కుర్చీలో కూర్చున్నారు. ముప్ఫై మంది పిల్లలు బ్యూరెట్ల ముందు నిలబడ్డారు. నేను అటూ ఇటూ తిరిగి, సమయం చూసి, "ఏమయ్యా, స్టూళ్ళు ఎన్నున్నాయి?" అన్నాను.

"ఇరవై మేడం! ఒక్కటి ఎక్వ లేదు, ఒక్కటి తక్వ లేదు" అన్నాడు అటెండరు. ఆ మనిషికి నాటకాలంటే ప్రాణం.

ఇరవై తొమ్మిది పెన్నులు కదిలాయి. ఆ పిల్ల వంగి చుక్క చూసుకుంటోంది. దాని పక్కకి వెళ్ళి, దగ్గినట్టు చేసి, "ఇరవై" అన్నాను. తల ఊపింది. హమ్మయ్య అనుకున్నాను.

కాగితాలు పోగుచేస్తూ చూసుకుంటే ఇరవై తొమ్మిదింటిలో ఇరవై, ఇరవై, ఇరవై. ఈ మహాతల్లి కాగితం మీద ఇరవై రెండు పాయింట్ రెండు. మూడు సార్లు చేసి, మూడు సార్లూ అదే. నా ఒళ్ళు మండిపోయింది. కాగితాలు ఎగ్జామినరు బల్ల మీద పెట్టి, దాన్ని రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కుపోయాను.

"నీకు చెవుడా? మతిమరుపా? నా మీద కక్షా?"

"ఇన్న మేడం."

"విని?"

"ఇరవై కాడ రంగు మారలే మేడం. పసుపే ఉండె. మారంది మారినట్టు ఎట్ల రాయాలె?"

"మీ నాన్న ఏమన్నాడో గుర్తుందా నీకు?"

 "గుర్తుంది మేడం" అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కిందకి రాలేదు. నేనింకా నాలుగు తిట్టేదాన్నే. తిట్టడానికి బలం కావాలని లోపలికి వెళ్ళి, దాని బ్యూరెట్‌లో మిగిలిన ఆమ్లంతో నేనే మొదలుపెట్టాను. ఇదిగో చూడు, ఇరవై దగ్గర ఎలా మారుతుందో అని చూపించి మరీ తిడదామని.

ఇరవై దగ్గర పసుపు. ఇరవై ఒకటి దగ్గర పసుపు. ఇరవై రెండు దాటి నాలుగు చుక్కలు పడ్డాక రంగు తిరిగింది. 

అటెండర్ని పిలిచి, "సీసాలో ఏం పోశావు?" అన్నాను.

"నీళ్ళు మేడం."

"ఏ నీళ్ళు?"

 నాటకాల మనిషి కిటికీ బయట బండల వైపు తిరిగి, "డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు మీదికి కొంచవోయిండ్రు మేడం. కరెంట్ పోతే కంప్యూటర్లు నడిచే బ్యాటరీలల్ల నీళ్ళు ఎండినయట. ఓనర్ సారే జెప్పిండు. మీకు జెప్తే గరం అయితరని, బోరు నీళ్ళు బట్టల వడవోసి పోసిన. మస్తు సాఫ్ ఉండె మేడం, అద్దం లెక్క" అన్నాడు.

గచ్చిబౌలి బోరు నీళ్ళు! ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్ల అంచున తెల్లటి పొర కడుతుంది. ఆ వైపు కాపురమున్న ఆడవాళ్ళు మంజీరా కుళాయి నీళ్ళు బిందెతో తెచ్చుకుని పప్పుకి మాత్రమే వాడుకునేవారు. ఆ తెల్లపొర సరుకే క్షారం. అంటే నా ఆమ్లం ఇవ్వవలసిన ప్రోటాన్లలో పదోవంతు సీసాలోనే బోరు నీళ్ళు పుచ్చేసుకున్నాయి. బ్యూరెట్‌లోకి చేరేసరికి దాత చేతిలో నూటికి తొంభై పాళ్ళే మిగిలాయి. అందుకే రెండు మిల్లీలీటర్లు ఎక్కువ పట్టింది. పదేళ్ళు పాఠం చెప్పినదాన్ని, నా సీసాలో ఆ పాఠం జరుగుతుంటే నేను స్టూళ్ళు లెక్కపెట్టిస్తున్నాను.

ఇప్పుడు ఆలోచించుకోవలసింది వచ్చింది. నోరు మూసుకుంటే ఇరవై తొమ్మిది మంది క్షేమం, నేను క్షేమం, ఒక్క పిల్ల ఎస్టీడీ బూతులో. నోరు విప్పితే చేయని టైట్రేషన్‌కి ఇరవై తొమ్మిది మంది ఒకే అంకె ఎలా రాశారో నేను చెప్పుకోవాలి. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, నేను వెంటనే వెళ్ళలేదు. సింకు దగ్గర నిలబడి, కడిగిన ఫ్లాస్కుల్నే మళ్ళీ కడిగాను. పది నిమిషాలు కడిగి ఉంటాను. ఆ పిల్ల వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉంది, ఏడవకుండా, వెళ్ళిపోకుండా. ఎవరో పిలుస్తారని ఎదురుచూస్తున్నట్టు చూస్తోంది. ఆ చూపు భరించలేకే వెళ్ళాను తప్ప, ధర్మం గుర్తొచ్చి కాదు.

ఎగ్జామినరు గారు కాగితాలతో సహా ఓనరు గదికి చేరి, ఓనరుతో టీ తాగుతున్నారు. ఆయన ముందున్న మార్కుల కాగితంలో పిల్ల నంబరు పక్కన సున్నా కొంతవరకు గీసి, పెన్ను పక్కన పెట్టి ఉంది. నేను నిలబడే మొత్తం చెప్పేశాను. బ్యాటరీలు, బోరు నీళ్ళు, ఇరవై రెండు పాయింట్ రెండు. స్టూళ్ళ దగ్గరకి వచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

ముందు మా ఓనరు అందుకున్నారు. "నీళ్ళకా మేడం ఇంత రాద్ధాంతం? నీళ్ళల్లో తేడా ఏముంటాది? బ్యాటరీలు చచ్చిపోతే ఎట్లా?"

"మీ ఇంట్లో పప్పు ఏ నీళ్ళతో ఉడుకుతుందండీ?" అని అడిగారు ఎగ్జామినరు.

"మంజీరా నీళ్ళతో. బోరు నీళ్ళకి ఉడకదు గదా" అని, తన మాట తనకే అడ్డం పడి, ఓనరు టీ కప్పులోకి చూసుకున్నారు.

ఎగ్జామినరు కళ్ళజోడు మార్చుకుని, లేచి ల్యాబులోకి వచ్చారు. స్వయంగా పిపెట్ కడిగి, స్వయంగా టైట్రేషన్ చేశారు. ఆయనకీ ఇరవై రెండు పాయింట్ రెండే వచ్చింది. నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "స్టూళ్ళు నాకు కొత్త కాదమ్మా. మా కాలేజీలో ఫ్యాన్లు లెక్కపెడతామండి. మా ల్యాబులో ఉన్నది ఒకే ఫ్యాను, అయినా ఎవరూ అనుమానించలేదు" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "సాయంత్రం ఐదింటి దాకా మార్కులు నా చేతిలోనే ఉన్నాయి. అందరినీ పిలవండి. మళ్ళీ చేయమనండి. మీరు మాత్రం దయచేసి ఏమీ లెక్కపెట్టకండి."

ఆ మధ్యాహ్నం నేను చూసింది చూడకుండా ఉంటే బాగుండేది. రెండేళ్ళు నా దగ్గర చదివిన పిల్లల్లో సగం మందికి కుళాయి ఏ చేత్తో తిప్పాలో తెలియదు. ఒకడు బ్యూరెట్‌లోకి ఆమ్లం బదులు కార్బొనేట్ పోశాడు. ఒకమ్మాయి రంగు మారేదాకా ధార వదిలి, ఫ్లాస్కు ఎర్రబారాక నా వైపు చూసింది. మెరిట్ పిల్లలమ్మా వీళ్ళు, వీళ్ళ పేర్లు మా ఓనరు కరపత్రాల్లో అచ్చేయించాలనుకుంటున్నవి! నేనేమో మాట్లాడకూడదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మాట్లాడింది ఆ పిల్లే. దాని పని ఐపోయింది కాబట్టి అటూ ఇటూ తిరుగుతూ, "మెల్లగ, మెల్లగ. జర ఆగు, ఊపు. గిప్పుడు ఒక్క సుక్క" అని చెబుతోంది. ఎవరికీ అంకె చెప్పలేదు, ఎలా చూడాలో చెప్పింది. ఎగ్జామినరు గారు చూస్తూ కూడా ఏమీ అనలేదు. ఐదు లోపు ఇరవై నాలుగు మందికి రంగు సరైన చోట తిరిగింది. మిగతా ఐదుగురూ కొన్ని మార్కులు పోగొట్టుకున్నారు, పాసు మాత్రం అయ్యారు. ఆయన ఆ పిల్ల నంబరు పక్కన ఉన్న అరసున్నాని కొట్టేసి, టైట్రేషన్‌కి పూర్తి మార్కులు వేసి, నాకు చూపించి సంతకం పెట్టారు. లవణం అంతంతమాత్రంగా చేసినా, పాసుకి సరిపోయింది.

అందరూ వెళ్ళాక ఆ పిల్ల తన బ్యూరెట్ కడుగుతోంది. సంతోషం పట్టలేక నేను మళ్ళీ వేళాకోళానికి దిగాను. "నువ్వు అదృష్టవంతురాలివే! నత్తలా చేసినందుకు పోయినేడు తప్పావు, నత్తలా చేసినందుకే ఈ ఏడు గట్టెక్కావు."

అది కుళాయి కట్టేసింది. "పోయినేడు నత్త లెక్క చెయ్యలే మేడం. అందరికంటే ముందు నేనే ఇచ్చిన" అంది.

"మరి ఎందుకు తప్పావు?"

"నేను మధ్యాహ్నం బ్యాచు. సీసా మారింది. మీరు పొద్దుగాల బ్యాచుకు చెప్పినట్టే పద్దెనిమిది స్టూళ్ళన్నరు. నాకు పదహారు కాడనే రంగు మారె. మేడం చెప్పింది తప్పయితదా అనుకొని, పదహారు కొట్టేసి పద్దెనిమిది రాసి ఇచ్చిన. తర్వాత మీరు మల్ల పదహారు అన్నరట. అప్పటికి నేను బయటున్న." అది చెప్పడంలో నిష్ఠూరమేమీ లేదు. "గప్పటి సంది సుక్క సుక్క సూస్తున్న."

నాకు గుర్తొచ్చింది. క్రితం ఏడు మధ్యాహ్నం నాలిక కరుచుకుని, స్టూళ్ళు మళ్ళీ లెక్కపెట్టించాను. అందరూ కొట్టేసి దిద్దుకున్నారు, ఏ గొడవా కాలేదని ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను. అప్పటికే గుమ్మం దాటిన పిల్ల ఒకతి ఉందని నాకు తట్టనే లేదు. పైగా ఏడాది పొడుగునా దాన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను. 

"తప్పు నాదేనమ్మా" అన్నాను. ఒక విద్యార్థితో ఆ మాట అనడం నాకు అదే మొదలు. చెప్పడం కూడా సరిగ్గా చేతకాక, రెండుసార్లు అన్నాను.

అది కంగారుపడిపోయి, తడి చేతులు ఓణీకి తుడుచుకుంది.

"అయ్యో, పోనియ్యుండ్రి మేడం" అంది. "ఒక్క ఏడాదే గద పోయింది."